దాత మనసు, దానపు సొమ్ము



చిల్కూరు చుట్టుపక్కల 108 అంటే ఒకప్పుడు కోరిక తీరిన భక్తులు బాలాజీ గుడి చుట్టూ చేసే ప్రదక్షిణలే గుర్తుకొచ్చేవి. 2005 ఆగస్టు 15 తరువాత ఆ అంకెకు మరో అర్థం వచ్చింది. రోడ్డు మీద ప్రమాదం జరిగినా, అర్ధరాత్రి పురిటినొప్పులు వచ్చినా, ఫోను చేస్తే పైసా అడగకుండా అంబులెన్సు వస్తుంది. ఆ సేవను ఆరంభించినవారు సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజుగారు. 2001లో తండ్రి పేరిట బైర్రాజు ఫౌండేషన్ స్థాపించి, గోదావరి పల్లెలకు మంచినీరు, వైద్యం, చదువు అందించే పనికి పూనుకున్నదీ ఆయన కుటుంబమే.

2009 జనవరి 7న ఆయనే తన కంపెనీ డైరెక్టర్లకు ఒక ఉత్తరం రాశారు. లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవనీ, ఏళ్ల తరబడి లాభాలను పెంచి చూపామనీ ఒప్పుకున్నారు. తాను మాత్రం ఒక్క రూపాయి తీసుకోలేదన్నారు. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక కోర్టు ఆయనతోపాటు మరి తొమ్మిదిమందిని దోషులుగా తేల్చి ఏడేళ్ల శిక్ష వేసింది. మరుసటి నెలలో పై కోర్టు అప్పీలుపై శిక్షను నిలిపి బెయిలు ఇచ్చింది.

మరి ఆ అంబులెన్సు పుణ్యకార్యమా, ముసుగా? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా మనవాళ్లు రెండు జట్లుగా చీలిపోతారు. ‘ఎన్ని ప్రాణాలు నిలబెట్టాడు’ అని కొందరు, ‘అంతా పేరు కోసమే’ అని కొందరు.

ఒక క్రియ మంచిదో చెడ్డదో తేల్చడానికి చేసిన పనిని, దాని ఉద్దేశాన్ని, పరిస్థితులను కలిపి చూడాలని పునీత తోమాసు అక్వినాసుగారు నేర్పారు. కీర్తి కోసం చేసిన దానం దాత ఆత్మకు మేలు చేయదు. నిజమే. కానీ ఆ ఉద్దేశాన్ని చూసేదెవరు? ఒకే మనిషి గుండెలో జాలి, కీర్తికాంక్ష, భయం మూడూ కాపురం చేయగలవు. రామలింగరాజుగారి మనసు అంతా కపటమేనని నేననుకోను. అది దేవునికి వదలవలసిన లెక్క. అంబులెన్సులో పుట్టిన బిడ్డ ఏడుపులో మాత్రం ఏ మచ్చా లేదు.

మనం అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. సొమ్ము ఎవరిది? తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? ఎవరి నుంచి అన్యాయంగా వచ్చిందో వారికే తిరిగి ఇవ్వవలసిన సొమ్మును దానం చేయడానికి వీల్లేదని అక్వినాసుగారే అంటారు. జక్కయ్య సంగతి చూడండి. ఆస్తిలో సగం పేదలకిస్తానన్నాడు, అంతటితో ఆగలేదు. మోసపోయినవారికి నాలుగంతలు తిరిగి చెల్లిస్తానన్నాడు. మన పెద్దమనుషులకు మొదటి మాట బాగా గుర్తుంటుంది. ఆ జనవరి 7న సత్యం షేరు విలువ ఒక్కరోజులో నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయింది. ఆ షేర్లలో దాచుకున్న రిటైర్డు ఉద్యోగి జక్కయ్య రెండో మాట కోసం ఎదురుచూస్తాడు గదా! కోర్టు విచారించింది కంపెనీ లెక్కలనే గాని ధర్మకార్యాల లెక్కలను కాదు. అయినా ఆ ధర్మకార్యాలు చేసిన మరో పని ఉంది. అంత మంచి దాతను లెక్క అడగడానికి నోరెవరికి వస్తుంది?

2008 సెప్టెంబరులో ఆ కంపెనీకి సుపరిపాలనకుగాను అవార్డు వచ్చింది. డిసెంబరు 16న, కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను (ఇంగ్లీషు అక్షరాల్లో సత్యం పేరును తిరగేస్తే మేటాస్ అవుతుంది) సత్యం సొమ్ముతో కొనాలని తలపెడితే, బల్ల చుట్టూ కూర్చున్న మేధావులైన డైరెక్టర్లు సరేనన్నారు. కాదన్నవారు బయటి వాటాదారులు, ఆ సొమ్ముకు అసలు హక్కుదారులు. గంటల్లోనే ఆ ఒప్పందం వెనక్కు పోయింది. మూడు వారాలకు ఆ ఉత్తరం బయటికి వచ్చింది.

108 మాత్రం ఆగలేదు. 2009లో జీవీకే సంస్థ దాన్ని చేపట్టి తన పేరు ముందు తగిలించుకుంది. అప్పటికే నడిపే ఖర్చులో అధికభాగం ప్రభుత్వానిది, అంటే పన్ను కట్టేవారిది. వాటి మీద రాయవలసిన అసలు పేరు రోగిదే.

మన విచారణల సంగతి కూడా కాస్త చూద్దాం. గుడి ఫ్యాను రెక్కల మీద దాత పేరు రాయిస్తాం, తిరిగేటప్పుడు ఎలాగూ కనిపించదు! గుహ కట్టించిన దాతకు మరుసటి ఏడాది కమిటీలో కుర్చీ కావాలి, ఆ పై ఏడాది హాలు తాళంచెవి కావాలి. కాదంటే వర్గాలు. పొరుగున చిల్కూరు గుడిలో హుండీయే లేదు. హుండీ లేనిచోట దాని తాళం కోసం తగువూ ఉండదు. బడి, హాస్టలు నడుపుకొనే మనకు ఆ సౌకర్యం లేదు. సొమ్ము తీసుకోక తప్పదు. కనుక ఇచ్చినవారెంత గొప్పవారైనా రసీదు ఇవ్వాలి, ఇద్దరి సంతకం లేనిదే ఖర్చు చేయకూడదు, లెక్క అందరి ముందూ చదవాలి.

చదువుతూనే ఉన్నాం లెండి. పూజ తరువాత దాతల పేర్లు చదివినంతసేపూ చప్పట్లు మోగుతాయి. ఖర్చుల పట్టీ తెరవగానే బయట స్కూటర్లు స్టార్టు చేసే చప్పుడు వినిపిస్తుంది.