అంగికి దూరమైన అంగము

ఒక వస్తువు దేనికొఱకున్నదో నిర్ణయించుట ఎట్లను ప్రశ్నను మన పూర్వమీమాంసకులు విచారించినంత నిశితముగా మఱి యే శాస్త్రకారులును విచారింపలేదని నా నమ్మకము. జైమిని సూత్రములలో తృతీయాధ్యాయము ఈ శేషశేషిభావ విచారమునకే వినియుక్తమైనది. పరార్థమై యుండునది శేషము. అది దేనికొఱకున్నదో ఆ ప్రధానము శేషి. శేషమునకే అంగమనియు, శేషికే అంగి యనియు పేర్లు. దర్శపూర్ణమాసములలో స్ఫ్యము, కపాలములు, అగ్నిహోత్రహవణి, శూర్పము, కృష్ణాజినము, శమ్య, ఉలూఖలము, ముసలము, దృషత్తు, ఉపల అని పది యజ్ఞాయుధములు చెప్పబడినవి. వీనిలో దేనినైనను ఏ పనికైనను వాడవచ్చునా, లేక దేని పని దానికి నియతమా అని సందేహించి, ఖడ్గాకారముగల కొయ్యయైన స్ఫ్యము వేదిభూమిని గీయుటకే, కపాలములు పురోడాశమును కాల్చుటకే అని వారు సిద్ధాంతము చేసిరి. సిద్ధాంతముకంటె, దానిని చేరుటకు వారేర్పఱచిన మార్గము నన్ను మిక్కిలి ఆకర్షించినది.

అంగమునకు అంగితోడి సంబంధమును తెలుపు ప్రమాణములు ఆఱు: శ్రుతి, లింగము, వాక్యము, ప్రకరణము, స్థానము, సమాఖ్య. ఇవి పరస్పరము విరోధించినచో ముందుది బలీయము, వెనుకది దుర్బలము. ఇంద్రుని స్తుతించు ఋక్కు తన పదసామర్థ్యముచేత, అనగా లింగముచేత, ఇంద్రునికే చెందవలసినదైనను, దానితో గార్హపత్యాగ్నిని ఉపస్థానము చేయుమని శ్రుతి, అనగా ప్రత్యక్షవచనము, స్పష్టముగా చెప్పినందున అది గార్హపత్యమునకే అంగమగుచున్నది. పేరుమాత్రమైన సమాఖ్యకు అన్నిటికంటె కడపటి స్థానమిచ్చుట గమనింపదగినది. పురాతన యంత్రశకలము కంటబడినంతనే దానికొక పేరు పెట్టి, పేరు పెట్టుటతోనే ఎఱిగితిమని తృప్తిపడువారు మనలో పెక్కురు కలరు. వారు దుర్బల ప్రమాణముతో ఆరంభించి అచ్చటనే ఆగిపోవుచున్నారు.

శ్రుతి పూర్తిగా నశించిన చోట లింగమెంతటి పని చేయగలదో తెలియుటకు గ్రీసుదేశపు ఆంటికితెరా ద్వీపముచెంత దొరకిన ప్రాచీన యంత్రపు శకలములకంటె మేలైన దృష్టాంతము నాకు కనబడలేదు. 1900వ సంవత్సరమున స్పంజికలకై సముద్రమున మునుగువారికి ఆ ద్వీపముచెంత ఒక ప్రాచీన నౌక దొరకెను. దానినుండి వెలికిదీసిన శిల్పముల నడుమ త్రుప్పుపట్టిన కంచుముద్ద యొకటి ఏథెన్సు పురావస్తుశాలను చేరగా, 1902లో అందులో పండ్లచక్రము స్ఫుటముగా కనబడెను. నేడు మిగిలినవి 82 శకలములు, 30 చక్రములు. దానిని చేసిన శిల్పి లేడు, వాడినవాడు లేడు.  పరిశోధకులకు దక్కినవి చక్రముల పండ్లసంఖ్యలును, పలకలపై సగము చెఱిగిన గ్రీకు అక్షరములును మాత్రమే.

అందొక చక్రమునకు 223 పండ్లు. చక్రమును విభజించు పనివాడు సౌలభ్యమునకై కోరుకొను సంఖ్య కాదది. ఏ చిన్న సంఖ్యచేతను భాగింపబడదు. ఐనను 223 చాంద్రమాసములు గడచిన పిదప, అనగా సుమారు 18 సంవత్సరముల 11 దినములకు, గ్రహణములు మఱల అదే క్రమమున వచ్చును. ఆ చక్రము గ్రహణచక్రమునకు అంగమని ఆ పండ్లే చాటినవి. దానిపై నెక్కి తిరుగు రెండు చిన్న చక్రములు కలవు. రెండింటికిని ఏబదేసి పండ్లు. సమసంఖ్య గల చక్రములు వేగమును మార్పవు గదా, వీనితో ప్రయోజనమేమి? పరికించి చూడగా వాని ఇరుసులు ఒకే కేంద్రమున లేవు, మిల్లీమీటరు కంటె కొంచెము ఎడముగా నున్నవి. ఒకదానిపై నున్న చీల రెండవదాని గాడిలో జరుగుచుండును. ఆ జరుగుటచేత రెండవ చక్రము ఒకప్పుడు త్వరగను ఒకప్పుడు మెల్లగను తిరుగును. ఆకాశమున చంద్రుడు నడచునదియు అట్లే. మన సిద్ధాంతగ్రంథములు మందఫలమని గణించునది ఆ గతిభేదమునే. డెరెక్ ప్రైస్ అను విద్వాంసుడు 1974లో ఈ చక్రసముదాయము భిన్నగతుల వ్యత్యాసమును తీయు యంత్రమని ప్రతిపాదించెను. ఎక్స్-రే చిత్రములతో జరిగి 2006లో ప్రకటింపబడిన పరిశోధన దానిని కాదని, నేను చెప్పిన అర్థమును స్థాపించెను.

ఆ యంత్రము పుట్టిన కాలమునకు సమీపముననే, భారతభూమిపై మిళిందుడను గ్రీకురాజునకు భిక్షువైన నాగసేనుడు రథమును చూపి ప్రశ్నలడిగినట్లు బౌద్ధగ్రంథము చెప్పుచున్నది. ఇరుసు రథమా? చక్రము రథమా? నొగ రథమా? ఏదియు కాదు, వీనినన్నిటిని ఆశ్రయించి రథమను వ్యవహారమాత్రము కలదు. నేనను అభిమానమును సడలించుటకై చెప్పబడిన ఈ వాక్కు యెడల నాకు గౌరవము కలదు. ఐనను దానిని నేనంగీకరింపలేను. అంగి కేవలము వ్యవహారమే యైనచో, వ్యవహరించువారు నశించిన క్షణముననే అదియు నశింపవలెను గదా! ఇచ్చట రెండువేల యేండ్లు వ్యవహరించువాడొక్కడును లేడు. ఐనను ఆ చక్రము గ్రహణములకే చెంది యుండెను; పండితుడు మఱియొక అర్థము చెప్పగా ఆ కంచే దానిని త్రోసిపుచ్చెను. మన కల్పనను త్రోసిపుచ్చగలది మన కల్పన కాజాలదు. కావున అవయవములకంటె అవయవి వేఱుగా సత్యమన్న నైయాయికులతో నేనీ విషయమున ఏకీభవించుచున్నాను.

రామానుజులవారు ఈ శేషశేషిశబ్దములను వేదార్థసంగ్రహమున పునర్నిర్వచించిరి. పరునకు అతిశయమును చేకూర్చుటయే స్వరూపముగా గలది శేషము. జీవుడు ఈశ్వరునకు అట్టి శేషము. నేను దేనికొఱకున్నానో నాకు తెలియుట లేదు, కావున నేను దేనికొఱకును లేనని నిరాశపడువాని వాదము ఎంత దుర్బలమో ఆ కంచుచక్రమును తలచినప్పుడెల్ల నాకు స్ఫురించుచుండును. వినియోగము తెలియకుండుట వేఱు, లేకుండుట వేఱు.

ఇంత దూరము పోనక్కఱలేదు. మన పల్లెలలో పాడుబడిన రాతిగానుగలు గుడిప్రక్కనో చెఱువుగట్టుననో నేటికిని పడియున్నవి. చూచినవారు దంపుడురోళ్లనుకొందురు. వంగి లోపల చేయి పెట్టి చూడవలెను. దంపుడురోటికి అడుగు గుంటపడును. గానుగరోటికి రోకలి ఒరిగి గిఱ్ఱున తిరిగినందున ప్రక్కగోడలు చుట్టును నునుపుదేఱి యుండును. ఎద్దు లేదు, కాడి లేదు, రోకలి లేదు. ఉన్నది ఆ నునుపు మాత్రమే, ఐనను లింగము చాలినంత కలదు.

గానుగ విషయమున శ్రుతియు ఇంకను పూర్తిగా అంతరింపలేదు. గానుగ త్రిప్పిన వృద్ధులు, మోట తోలిన రైతులు, కదురు సరిచేసి నూలు వడికిన అవ్వలు అచ్చటచ్చట జీవించియున్నారు. ఏ ముక్క ఏ ముక్కలో ఎట్లమరునో, అరిగినప్పుడు ఏమి చేసెడివారో వారు నోటితో చెప్పగలరు, చేతితో చూపగలరు. బలీయమైన ప్రమాణము ఎదుట కూర్చుండియుండగా దానిని అడుగక, రేపటివారిని లింగములు వెదకుకొనుడని విడిచిపెట్టుట అన్యాయము. చదువరులారా, మీ యింటి అటుకమీది పనిముట్లను క్రిందికి దింపుడు. వానిని వాడినవారిని పిలిచి, వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసి, ఆ కాగితమును ఆ వస్తువునకే కట్టి యుంచుడు.