మార్పుల ఖాతాలో పేరు

సాఫ్ట్‌వేర్ రంగంలో కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్ అనే పని ఒకటుంది. ఒకే ప్రోగ్రాం మీద వందమంది చెయ్యి పెడుతున్నప్పుడు ఏ పంక్తిని ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో పొల్లుపోకుండా రాసిపెట్టుకోవటం, అవసరమైతే పాత రూపానికి వెనక్కి వెళ్లగలగటం. దీనికోసమే సదస్సులు జరుగుతాయి. 1988 జనవరిలో జర్మనీలోని గ్రాసావ్‌లో జరిగిన అంతర్జాతీయ వర్క్‌షాపు వాటిలో తొలినాటిది. విశాఖపట్నంలో ఈ ఉద్యోగమే చేస్తున్న మా చిన్నాన్న కూతురు అలాంటి ఒక సదస్సు నుంచి తెచ్చుకున్న కాగితాలు నా చేతికొచ్చాయి. సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని, నాకెందుకివి అని పక్కన పెట్టబోయి ఆగిపోయాను. మనం పాఠాంతరాలంటాం, వాళ్లు వెర్షన్లంటారు.

ఆ కాగితాల్లో నన్ను పట్టుకున్న మాట 'బ్లేమ్'. ఒక ఫైలు మీద ఆ ఆదేశం ఇస్తే ప్రతి పంక్తి పక్కనా దాన్ని చివరిసారి మార్చినవారి పేరు కనిపిస్తుంది. సబ్‌వెర్షన్ అనే ఉపకరణంలో ఇదే పనికి 'ప్రెయిజ్' అని ఇంకో పేరు కూడా పెట్టారు. నింద అని అడిగినా, మెచ్చుకోలు అని అడిగినా తెరమీదికి వచ్చేది ఒకే జాబితా. ఎవరో సరదాకి చేసి ఉంటారు. స్త్రీల రచనల చరిత్ర చదివిన మనకి మాత్రం అంత సరదాగా అనిపించదు. పేరు పెట్టి రాసిన ప్రతిసారీ అది ఏ ఖాతాలో పడుతుందో ముందుగా తెలియదు కదా!

పాత రూపం, కొత్త రూపం రెండూ నిలిచిన ఉదాహరణ మాకు విజయనగరంలోనే ఉంది. 'కన్యాశుల్కం' 1892లో అక్కడ తొలిసారి ప్రదర్శించారు. 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని తిరగరాసి, బాగా పెంచి మళ్లీ వేశారు. రెండు కూర్పులూ ఉన్నాయి కాబట్టే మధురవాణి మొదటి దానిలో ఎంత, రెండో దానిలో ఎంత ఎదిగింది అని పోల్చి చూడగలుగుతున్నాం. మార్చినవారి పేరుంది, ఏళ్లున్నాయి. ఏ ఆడిట్‌కైనా నిలుస్తుంది.

అయితే తొలి కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో ఇంకో ఖాతా ఉంది. విశాఖపట్నం జిల్లాలో (విజయనగరం అప్పుడు అందులోదే) మూడేళ్లలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాల జాబితాని మహారాజా ఆనంద గజపతి తయారు చేయించారు. మొత్తం 1,034 పెళ్లిళ్లు. వాటిలో అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు 6, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు. సొమ్ము తీసుకున్నామని ఒప్పుకోవటానికి జనం ఇష్టపడరు కాబట్టి జాబితా అసంపూర్ణమని కూడా ఆయనే రాశారు. నిజాయితీగల నమోదు. కానీ ఆ ముందుమాటలో మనకి కనిపించే గుంటలకి వయసుంది, ధర ఉంది, పేరు లేదు. ఎవరికోసం మార్పు తలపెట్టారో వాళ్లు అంకెలుగానే మిగిలారు.

కాన్ఫిగరేషన్ పనిలో 'చేంజ్ కంట్రోల్ బోర్డు' అని ఉంటుంది. ఏ మార్పు జరగాలో, ఏది వద్దో తేల్చేది అదే. "ఆ మార్పు ఎవరి నెత్తిన పడుతుందో వాళ్లు బోర్డులో ఉంటారా?" అని చెల్లిని అడిగాను. "వాడేవాళ్ల తరఫున ఒకరుండాలని పుస్తకాల్లో ఉంటుంది అప్పా. మీటింగుకి పిలవాలిగా!" అంది. సంస్కరణోద్యమంలో ఆ బోర్డుల్లో ఎవరు కూర్చున్నారో మనం చాలాసార్లు రాసుకున్నాం, ఇక్కడ పొడిగించను.

ఇంతవరకూ వాదన తేలికే. అందరి పేర్లూ రాయాలి, అంతే. నాకు చిక్కు వచ్చింది శ్రీకాకుళం జిల్లాలో ఆడవాళ్ల పాటలు రాసుకుంటున్నప్పుడు. అప్పగింతల పాటల్లో అత్తవారి మాట వినమని, ఓర్చుకోమని చెప్పే చరణాలుంటాయి. ఒక పెద్దావిడ ఓర్చుకోమనే చోట, చెయ్యి చేసుకుంటే వచ్చేయమని, తలుపు తీసే ఉంటుందని పాడింది. ఇది ఎవరు కట్టారని అడిగితే కాసేపు మాట్లాడలేదు. "నానే. మా సిన్నదాని పెల్లికి మార్సినాను. నా పేరు రాయకు తల్లీ, దాని అత్తోరు సదువుకున్నోలు" అంది.

స్త్రీలు సాహిత్య చరిత్రలో అనామకులుగా మిగిలిపోయారని వ్యాసాలు రాసేదాన్ని నేను. ఆమె పేరు రాస్తే నా పుస్తకంలో అది ప్రెయిజ్. ఆమె కూతురింట్లో బ్లేమ్. రాయకపోతే ఒక తల్లి తెగించి చేసిన దిద్దుబాటు 'జానపదం' అన్న పెద్ద మూటలో కలిసిపోతుంది. ఏది అన్యాయం?

అడక్కుండా పేరు వదిలేయటం వేరు, అడిగితే వద్దన్న పేరు దాచటం వేరు. ఆ గుంటల్ని ఎవరూ అడగలేదు. ఈమెని అడిగాం, చెప్పింది. పేరు ఆమెది, పరిశోధన వల్ల దానిమీద నాకు హక్కు రాదు. అయితే పేరు దాచినంత మాత్రాన మార్పుని దాచనక్కర్లేదు. పాత చరణం, కొత్త చరణం పక్కపక్కన రాశాను. మార్చింది తల్లి అని, సందర్భం కూతురి పెళ్లి అని రాశాను. ఊరి పేరు రాసి, మళ్లీ తీసేశాను. పాతిక గడపలున్న ఊళ్లో ఊరిపేరు చెబితే మనిషి పేరు చెప్పినట్టే.

చెల్లికి చూపించాను. "ఎవరు అన్న గడి ఖాళీగా ఉంటే మా ఆడిట్‌లో ఒప్పుకోరు అప్పా" అంది. ఖాళీగా లేదు. 'చెప్పొద్దన్నారు' అని రాసి ఉంది.