నాయనమ్మ కుట్టిన బొంత

వాక్యభాగములు: అపొస్తలుల కార్యములు 9:36-42, 2 తిమోతి 1:5



ఈమధ్య సర్జాపురలో మన వారింట ఒక పెద్దామె జ్ఞాపకార్థ కూడిక జరిగింది. కొడుకు ఉద్యోగానికి ఇక్కడికి వచ్చి స్థిరపడితే, మనుమలను పెంచడానికి ఊరు విడిచి వచ్చిన తల్లి ఆమె. పెద్ద ఫోటో, పూలదండ, భోజనాలు, అన్నీ లోపం లేకుండా చేశారు. ఎవరైనా సాక్ష్యము చెప్పండి అని పాస్టరుగారు అడిగితే మనుమలు సెల్‌ఫోనులో రాసుకున్నది ఇంగ్లీషులో చదివారు. బాగానే ఉంది. అప్పుడు వాకిలి దగ్గర నిలబడిన ఒక అమ్మాయి, ఆ ఇంట్లో పనిచేసే కన్నడ పిల్ల, చంకలోని బిడ్డను కాస్త పైకెత్తి, "ఈ గౌను అజ్జి కుట్టిందే" అని కన్నడంలో చెప్పి ఏడ్చింది. పాత చీర అంచుతో కుట్టిన గౌను అది. అంతకంటే ఆమె ఏమీ చెప్పలేదు. ఆ కూడికలో నాకు జ్ఞాపకమున్న ప్రసంగము అదే.

యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు జరిగింది కూడా ఇదే కదా! పేతురు లుద్ద నుండి వచ్చి మేడగదిలోకి వెళ్ళేసరికి విధవరాండ్రు ఆయన చుట్టూ నిలిచి, ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలను, వస్త్రాలను చూపించారని లూకా రాశాడు. ఆమె గుణగణాలను వారు వర్ణించినట్టు అక్కడ లేదు. ఏడుస్తూ చూపించారు. దొర్కా సంఘములో ఏ పదవిలో ఉన్నదో, ఎంత చందా ఇచ్చిందో మనకు తెలియదు. ఆమె సూది పట్టిన సంగతి తెలుసు. ఎవరికోసం పట్టిందో కూడా తెలుసు. దేవుడు ఆమెను తిరిగి లేపి ఆ విధవరాండ్రకే అప్పగించాడు. నేను ఉపాధ్యాయ శిక్షణ పొందినవాడిని, పాఠములో ఏ మాట ముఖ్యమో వెదకడం నాకు అలవాటు. ఈ పాఠములో నా దృష్టికి ముఖ్యమైన మాట "చూపుట".

మరి మా నాయనమ్మ విషయములో నేను ఏమి చూపగలను? నలభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది. ఈరోజు మీ ముందు ఒప్పుకుంటాను.

మాది ఒంగోలు ప్రాంతము. నాయనమ్మకు చదువు రాదు. పొగాకు కాలంలో కర్రలకు ఆకు అల్లే కూలికి వెళ్ళేది. మిగతా కాలం పొలం పని. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది, అది ప్రభువు బియ్యం. ఆదివారం గుడికి తీసుకెళ్ళాలి. అయితే శుక్రవారం నాటికే పక్కింట్లో పొయ్యి వెలగకపోతే ఆ కుండ అక్కడికి పోయేది. సంఘపెద్ద ఒకాయన లెక్క అడిగితే, "అయ్యా, ఆయన బియ్యం ఆయన పిల్లలే తిన్నారు" అన్నది. నేనిప్పుడు సంఘపెద్దను. ఆ జవాబు ఎవరైనా నాకు చెబితే ఏమనాలో ఇప్పటికీ తెలియదు.

1977 నవంబరులో దివిసీమను తుపాను ముంచింది. మా గుడిలో పాత బట్టలు పోగుచేశారు. నాయనమ్మ క్రిస్మసుకని కొన్న కొత్త చీర తెచ్చి పెట్టింది. పాతవి అడిగారు కదా అంటే, "పాతది నాకు అలవాటే. అన్నీ పోయినదానికి పాతది ఇస్తే, నువ్వు పేదదానివని ఇంకోసారి చెప్పినట్టు కాదా?" అన్నది.

ఆమెకు ఇచ్చే గుణం ఎక్కడిదో కూడా చెప్పాలి. 1876-78 కరువులో వాళ్ళ అవ్వ బకింగ్‌హాం కాలువలో మట్టి మోసింది. ఆ కాలువలో మూడు మైళ్ళ పైచిలుకు తవ్వే పనిని క్లౌ దొరగారు గుత్తకు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించిన సంగతి మీకు తెలుసు. తిండికోసం మతములోకి వచ్చారన్న మాట రాకూడదని ఆయన ఆ కరువు రోజుల్లో బాప్తిస్మములు ఆపారు. తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. మనము ఆ అంకెను ఉత్సవాలలో చెప్పుకుంటాము. నాయనమ్మకు అంకె తెలియదు. కాలువ గట్టున వాళ్ళ అవ్వ తన గంజిలో సగం పక్క తట్టమనిషి బిడ్డకు పోసిందని మాత్రం చెప్పేది. ఒంగోలు కొండమీద 1854 జనవరి 1న తెల్లవారుజామున ప్రార్థించిన ఐదుగురిలో ముగ్గురు స్త్రీలు. జ్యూయెట్ దొరసానిగారు, జూలియమ్మ, రూతమ్మ. మన పిల్లలను అడగండి, జ్యూయెట్ దొరగారి పేరు తప్ప వేరొకటి చెప్పగలరేమో!

ఇక బొంతల సంగతి. వానాకాలం పని లేనప్పుడు నాయనమ్మ పాత చీరలు, పంచెలు పరిచి, పెద్ద సూదితో బొంతలు కుట్టేది. ఏ ముక్క ఏ ముక్క పక్కన పడాలో గంటసేపు చూసేది. నచ్చకపోతే కుట్టినదంతా విప్పేది. ఒక మూల మాత్రం తప్పకుండా ఎర్రగుడ్డతో చిన్న పిట్ట. ఎందుకంటే, "ఊరికే, బాగుంటదని" అనేది. రాత్రి మమ్మల్నందరినీ ఒకే బొంతకింద పడుకోబెట్టి, ఇది మీ మేనత్త పెళ్ళిచీర, ఇది మీ తాత పంచె, ఇది పురిట్లోనే పోయిన బిడ్డ పొత్తిగుడ్డ అని వేలుపెట్టి చూపేది. చదువురాని మనిషి రాసిన కుటుంబ చరిత్ర అది.

1979లో నేను ఉపాధ్యాయ శిక్షణకు వెళ్ళేటప్పుడు ఒక కొత్త బొంత కుట్టి ఇచ్చింది. హాస్టలులో తోటివాళ్ళకు దుకాణపు దుప్పట్లు ఉన్నాయి. నా బొంత చూసి ఒకడు నవ్వాడు. మరునాడే దాన్ని మడిచి పాత సామాను గదిలో పడేసి, అప్పుచేసి దుప్పటి కొన్నాను. సెలవులకు వచ్చినప్పుడు, బొంత ఏదిరా అంటే, "ఎవరో దొంగిలించారు" అని అబద్ధం చెప్పాను. నాయనమ్మ ఒక్క క్షణం నా మొహం చూసి, "పోనీలే నాయనా, తీసుకున్నవాడికి చలేసిందేమో" అన్నది. ఆ వానాకాలమే నాకు రెండోది కుట్టింది. తరువాత కొన్నేళ్ళకు ఆమె ప్రభువునందు నిద్రించింది. నేను నిజం చెప్పనే లేదు. ఆ ఏడాదినుండి ఎన్నో తరగతుల పిల్లలకు నిజమే చెప్పాలని పాఠం చెప్పాను.

పౌలు చెరసాలలోనుండి తిమోతికి రాస్తూ అతని విశ్వాసము మొదట అవ్వయైన లోయిలో ఉన్నదని జ్ఞాపకము చేస్తాడు. క్రొత్త నిబంధనలో ఏ ఒక్కరినైనా అవ్వ అని పేరుతో చెప్పింది ఇక్కడొక్కచోటనే. లోయి ఏమి బోధించిందో పౌలు రాయలేదు, ఆమెలో ఉన్న విశ్వాసమునే చెప్పాడు. తండ్రి గ్రీసు దేశస్థుడైన ఆ పిల్లవాడికి చిన్నప్పటినుండే లేఖనాలు తెలిశాయంటే, అవి ఇంట్లో ఎవరి నోటనుండి వచ్చి ఉంటాయో ఊహించవచ్చు. మన సంఘాల్లోనూ లోయిలు ఉన్నారు. ఒకప్పుడు నేత మగ్గాలకు పేరున్న ఈ సర్జాపురలో ఇప్పుడు ఎన్నో అంతస్తుల భవనాలు లేచాయి. వాటిలో పదో అంతస్తులో మనుమడు బడినుండి వచ్చేవరకు మాట్లాడే మనిషి లేక కూర్చున్న అవ్వలు మన వాళ్ళే. ఆదివారం వెనుక కుర్చీలలో కూర్చుంటారు. పాటల పుస్తకం తెరవకుండా పాడతారు. మనము మాత్రం వారు పోయిన తరువాత మైకు పెట్టి వారి గురించి మాట్లాడుతాము. ఉన్నప్పుడే ఒక సాయంకాలం వారి పక్కన కూర్చొని, అమ్మా, నీ చిన్నప్పుడు ఏమి జరిగింది అని అడిగినవారు ఎంతమంది? నేను అడగలేదు, అందుకే అడుగుతున్నాను.

ఆ కూడిక నుండి ఇంటికి వచ్చాక పై అరలోనుండి రెండో బొంత దించాను. మనుమరాలు దానిమీద బోర్లా పడుకొని, "తాతయ్యా, ఇది ఎవరిది? ఇది ఎవరిది?" అని అడుగుతుంటే, ముప్పై ముక్కల్లో నాకు తెలిసినవి ఆరే. సిగ్గుపడి ఒంగోలులో ఉన్న అక్కయ్యకు ఫోను చేశాను. ఆమెకు డెబ్భై దాటాయి, కాని అన్నీ గుర్తున్నాయి. మాటల మధ్యలో మొదటి బొంత సంగతి, నా అబద్ధం సంగతి ఆమెతో చెప్పేశాను. అక్కయ్య కాసేపు మాట్లాడలేదు.

"నాయనమ్మకు అప్పుడే తెలుసురా," అన్నది. "నీతో చదివిన మనూరి పిల్లవాడే వచ్చి చెప్పాడు. నీకు చెప్పొద్దని మా అందరి దగ్గర మాట తీసుకుంది."

నేను ఫోను పట్టుకొని అలాగే కూర్చున్నాను. మనుమరాలు ఎర్రపిట్ట మీద వేలుపెట్టి, అక్కయ్య చెప్పేది వినాలని నా చేతిలోని ఫోనును తనవైపు లాక్కుంది.