ఉమ్మడి యంత్రం, కౌలు ఆట

ఆటల గురించి ఒక విమర్శ పత్రికలో చర్చ దేనికని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. కాలక్షేపానికి తత్వవిచారం అంటగట్టటం పండితుల దురలవాటు అని కొందరు నవ్వవచ్చు కూడాను. ఒకప్పుడు నవలను గురించీ, ఆ తరవాత సినిమాను గురించీ ఇదే మాట అన్నారు. ఇవాళ కంప్యూటరు ఆట ఆ రెండింటి వరసలోకి వచ్చింది. ‘దిస్ వార్ ఆఫ్ మైన్’ అని ఒక ఆట ఉంది. ముట్టడిలో చిక్కుకున్న నగరంలో మామూలు పౌరులు బతకటానికి పడే యాతన దాని ఇతివృత్తం. పోలండు ప్రభుత్వం దాన్ని విద్యార్థులు చదవదగిన రచనల జాబితాలో చేరుస్తున్నట్టు 2020లో ప్రకటించింది. ‘డిస్కో ఎలీసియం’ అనే మరో ఆటకు 2019లో బహుమతులు వచ్చినప్పుడు దాన్ని తయారుచేసినవాళ్ళు వేదికమీద మార్క్సుకూ ఏంగెల్సుకూ కృతజ్ఞతలు చెప్పుకున్నారు. ఒక ఆట పాఠం కాదగినంత రచన అయినప్పుడు, అది ఎవరి చేతిలో ఉంటుంది, ఎంతకాలం ఉంటుంది, దాన్ని లాక్కునే అధికారం ఎవరికుంటుంది అనేవి మనవంటి వాళ్ళు ఆలోచించవలసిన ప్రశ్నలే అవుతాయి.

విషయమేమిటో ముందు స్పష్టం చేసుకుందాం. పెద్ద ఆటలు ఆడాలంటే బొమ్మలను క్షణక్షణం లెక్కగట్టి గియ్యగల బలమైన యంత్రం కావాలి. అది ఖరీదైనది. క్లౌడ్ గేమింగు అనే పద్ధతిలో ఆ యంత్రం మన ఇంట్లో ఉండదు. కంపెనీవారి డేటా సెంటరులో ఉంటుంది. ఆట అక్కడే నడుస్తుంది. ఆడేవాడు ఏ మీట నొక్కాడన్న సమాచారం ఇంటర్నెట్టుమీద అక్కడికి పోతుంది. అక్కడ తయారైన బొమ్మ వీడియోగా ఇక్కడికి వస్తుంది. ఆడేవాడి దగ్గర ఒక తెరా, మంచి ఇంటర్నెట్టూ, నెలనెలా చందా కట్టే శక్తీ ఉంటే చాలు. ఆన్‌లైవ్ అనే కంపెనీ 2010లో అమెరికాలో ఈ వ్యాపారం ప్రారంభించింది. ఎన్‌విడియా వారి జీఫోర్స్ నౌ, మైక్రోసాఫ్టు వారి ఎక్స్‌బాక్స్ క్లౌడ్ గేమింగ్ 2020లో మార్కెట్టులోకి వచ్చాయి. రెండోది 2025 నవంబరులో మన దేశానికీ వచ్చింది. కనక ఇది పరాయివాళ్ళ గొడవ కాదు.

ఈ పద్ధతిలో మేలేమీ లేదనటం అబద్ధం. ఒక మనిషి కొనుక్కున్న యంత్రం రోజులో ఎక్కువభాగం ఊరికే పడివుంటుంది. అదే యంత్రం డేటా సెంటరులో ఉంటే పొద్దున ఒకరికీ, మధ్యాహ్నం మరొకరికీ, రాత్రి ఇంకొకరికీ పనిచేస్తుంది. పాత కంప్యూటరు ఉన్న విద్యార్థి దాన్ని పారెయ్యకుండానే కొత్త ఆట ఆడగలడు. నూరు గిగాబైట్ల ఆటను ఇంటికి దించుకునే అవసరం ఉండదు. ఉత్పత్తి శక్తులు సామాజికం కావటమంటే ఏమిటో తరగతిలో వివరించదలచుకున్న అధ్యాపకుడికి ఇది చక్కని ఉదాహరణ.

అయితే ఈ మేలు అందరికీ ఒకేరకంగా అందదు. మంచి స్పష్టత గల బొమ్మకు సెకనుకు 25 మెగాబిట్లు కావాలని జీఫోర్స్ నౌ వారే చెబుతారు. లెక్కవేస్తే గంటకు 11 గిగాబైట్లు దాటుతుంది. రోజుకు 2 గిగాబైట్లు వచ్చే ఫోను రీచార్జి చేయించుకున్న కుర్రాడికి అది పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. దూరం కూడా ఒక అడ్డంకి. గాజుతీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది; డేటా సెంటరు వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉంటే పోయిరావటానికే సెకనులో నూరోవంతు పడుతుంది. మధ్యలో ఉన్న యంత్రాల ఆలస్యం దీనికి అదనం. అంటే ఖరీదైన యంత్రం కొనలేనివాడి కోసమని చెప్పే ఈ ఏర్పాటు, మంచి ఇంటర్నెట్టు ఉన్న నగరవాసికే మొదట ఉపయోగపడుతుంది. ఇవి కాలక్రమాన తగ్గే లోపాలు. నన్ను బాధిస్తున్నది, తగ్గే సూచన లేని మరో లోపం.

ఆ సంగతి మాట్లాడుతూ ఉండగా మా విద్యార్థి ఒకడు గట్టి ప్రశ్నే వేశాడు: ‘‘మాస్టారూ, సొంత ఆస్తి పోతోందని మనం ఏడవటమేమిటి? ఎవరికివారు కొని అలమరాలో దాచుకోవటం కంటె ఉన్నదాన్ని నలుగురూ వాడుకోవటమే కదా మనం కోరేది? ఇది మధ్యతరగతి మమకారం కాదా?’’

ఈ ప్రశ్నను తోసిపుచ్చటానికి వీల్లేదు. అయితే ఇందులో రెండు వేరువేరు సంగతులు కలిసిపోయాయి. మనిషి తిండి తినే కంచమూ, చదువుకునే పుస్తకమూ ఒక రకం ఆస్తి. ఇతరుల శ్రమమీదా అవసరంమీదా పెత్తనం ఇచ్చే గనీ, మిల్లూ, భూకామందు పొలమూ మరో రకం ఆస్తి. సోషలిస్టులు రద్దు చెయ్యాలన్నది రెండోదాన్ని. క్లౌడ్ గేమింగులో జరిగింది దీనికి సరిగా తలకిందులు. ఆడేవాడి చేతిలో ఉన్న చిన్న స్వాధీనం రద్దయింది. కంపెనీ ఆస్తి రద్దు కాలేదు సరికదా, ఇదివరకు దాని చెయ్యి చేరని మన గదిలోకి కూడా చేరింది. యంత్రాన్ని నలుగురూ వాడుకుంటున్నారు గాని, ఆ నలుగురికీ దానిమీద ఏ హక్కూ లేదు.

పోలికకు గ్రంథాలయాన్ని చూడండి. గ్రంథాలయంలో చదివే పుస్తకం కూడా నాది కాదు. గడువు రాగానే తిరిగి ఇచ్చెయ్యాలి. అయినా అక్కడ నేను అద్దెకున్నవాణ్ణని నాకు తోచదు. ఎందుకంటే ఆ పుస్తకం నాది కాకపోయినా మనది. దాన్ని తీసెయ్యాలంటే ఎవరో ఒకరు బహిరంగంగా జవాబు చెప్పుకోవాలి. కనక సొంతంగా కొనటమా, కలిసి వాడుకోవటమా అన్నది అసలు ప్రశ్న కాదు. కలిసి వాడుకునేటప్పుడు షరతులు ఎవరు నిర్ణయిస్తారన్నది ప్రశ్న.

షరతులు ఒక్కపక్షమే నిర్ణయిస్తే ఏమవుతుందో చెప్పటానికి ఊహలు అక్కర్లేదు. గూగులు కంపెనీ 2019 నవంబరులో స్టేడియా అనే సేవ ప్రారంభించింది. అందులో జనం చందా కట్టటమేగాక, పూర్తి ధర పెట్టి ఆటలు ‘కొన్నారు’. 2023 జనవరి 18న ఆ సేవ మూతపడింది. గూగులు తన దుకాణంలో అమ్మిన పరికరాలకూ, ఆటలకూ డబ్బు తిరిగి ఇచ్చింది. నెలసరి చందా మాత్రం ఇవ్వలేదు. ఇది వ్యాపారధర్మం ప్రకారం పెద్దమనిషి తరహాయే. అయితే డబ్బు తిరిగి వస్తే న్యాయం జరిగినట్టేనా? ‘అవుట్‌కాస్టర్స్’ అనే ఆట ఆ సేవకోసమే తయారై, ఆ సేవతోపాటే పోయింది. దానికి ధర పెట్టినవాడికి ధర ముట్టింది. చూడదలచుకున్నవాడికి ఆట దొరకదు. ఒక పుస్తకం ధర చేతిలో పెట్టి ప్రపంచంలోని ప్రతులన్నీ తగలబెడితే, పాఠకుడికి బాకీ తీరిందని మనం ఒప్పుకుంటామా? కళాఖండం నష్టాన్ని సరుకు నష్టంగా లెక్కకట్టటంలోనే మోసం ఉంది.

ఇంకో వింత చూడండి. జీఫోర్స్ నౌ ఆటలు అమ్మదు. మనం వేరేచోట కొన్న ఆటను దాని యంత్రంమీద నడుపుతుంది. అయినా 2020లో యాక్టివిజన్ బ్లిజర్డ్ మొదలైన ప్రచురణకర్తలు తమ ఆటలను అక్కడినుంచి ఉపసంహరించుకున్నారు. ఆటను డబ్బిచ్చి కొన్నవాడు దాన్ని ఏ యంత్రంమీద ఆడాలో కూడా అమ్మినవాడే శాసించాడన్నమాట. యంత్రం యజమాని షరతులు వేరే ఉన్నాయి: నెలకు 100 గంటల పరిమితి విధిస్తున్నట్టు ఎన్‌విడియా 2024 నవంబరులో ప్రకటించింది. అంతకు ముందు 2023లో మైక్రోసాఫ్టు యాక్టివిజన్‌ను కొనబోతే, క్లౌడ్ గేమింగులో పోటీ నశిస్తుందని బ్రిటిషు నియంత్రణ సంస్థ ఏప్రిల్లో అడ్డుకుంది. చివరకు యాక్టివిజన్ ఆటల క్లౌడు హక్కులను యూబిసాఫ్ట్ అనే మరో కంపెనీకి బదిలీ చేసి బేరం ముగించారు. ఆట ఒకరిది, దాన్ని ప్రసారం చేసే హక్కు మరొకరిది, యంత్రం ఇంకొకరిది. ఒక్క పొలంమీద జమీందారూ, మక్తాదారూ, ముఠాదారూ వరసగా కూర్చున్నట్టుంది. ఈ వరసలో దున్నేవాడికి చోటు లేనట్టే ఆడేవాడికీ చోటు లేదు.

దీనికి ఎదురువాదం ఉంది. సినిమాకు టిక్కెట్టు కొన్నవాడు రీలు ఇంటికి తీసుకుపోతానంటాడా? అద్దె అని తెలిసే కట్టాడు. గడువు తీరాక గోల ఎందుకు? ఈ వాదంలో సత్యం లేకపోలేదు. అద్దెకు తీసుకోవటం దానంతట అది అన్యాయం కాదు. ఒక వారం ఆడి వదిలేసే ఆటను అద్దెకు తీసుకోవటమే తెలివి. అయితే సినిమా రీలు హాలు హాలుకూ పోయింది; ఎక్కడో ఒక పెట్టెలో మిగిలింది. ప్రతి అంటూ బయటికి రాని రచనకు ఆ అదృష్టం లేదు. వేమన పద్యాలు బ్రౌనుకు దొరికి 1829లో అచ్చయినాయంటే, అవి ఒక్క సంస్థానం భాండాగారంలో కాక ఊళ్ళమీద, తాటాకుల్లో, జనం నోళ్ళలో చెదిరి ఉండటం వల్లనే. ఆటల చరిత్ర పరిస్థితి ఇప్పటికే బాగాలేదు. అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం ఇవాళ మార్కెట్టులో దొరకటంలేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. అయినా పాత ఆటలకు ఎవరి అటకమీదో ఒక ప్రతి ఉంది. క్లౌడులోనే పుట్టిన ఆటకు అటక కూడా లేదు. కనక అద్దె ఉండటంలో తప్పు లేదు. అద్దె తప్ప మరో దారి లేకుండా పోవటమే తప్పు.

2024 జనవరిలో యూబిసాఫ్ట్‌లో చందాల విభాగం చూసే అధికారి, ఆటలు సొంతంగా లేకపోవటానికి జనం అలవాటు పడాలన్న అర్థం వచ్చేటట్టు ఒక ఇంటర్వ్యూలో మాట్లాడాడు. అదే సంవత్సరం మార్చి 31న అదే కంపెనీ, 2014లో అమ్మిన ‘ద క్రూ’ అనే ఆట సర్వర్లను ఆపేసింది. ఆ ఆట క్లౌడుది కాదు. జనం డిస్కులు కొనుక్కున్నారు. అయినా కంపెనీ సర్వరు లేనిదే అది నడవదు గనక డిస్కు ఉండీ ఆట లేకుండా పోయింది. దీనిమీద పుట్టిన ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమానికి యూరపులో 2025 జులై నాటికి 10 లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. అలవాటు పడమంటే జనం అలవాటు పడలేదు.

కౌలు మాట నేను అలంకారానికి వాడలేదు. భూమి పోయిన రైతు కష్టమూ, ఆట పోయిన కుర్రాడి కష్టమూ ఒకటేనని అంటే అది రైతును అవమానించటమే. కాని సంబంధం రూపం ఒకటి. సాయుధ పోరాటపు వేడిలో వచ్చిన 1950నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం ‘రక్షిత కౌలుదారు’ అనే హోదా ఏర్పరచింది. భూమి అతనిది కాకపోయినా, చట్టం చెప్పిన కారణం లేకుండా వెళ్ళగొట్టరాదనీ, కొన్ని షరతులమీద భూమిని కొనుక్కునే హక్కు అతనికి ఉందనీ అంగీకరించింది. ఆచరణలో ఎన్ని బేదఖళ్ళు జరిగాయో చరిత్ర చదివినవాళ్ళకు తెలుసు. అయినా ఆ చట్టంలోని సూత్రం విలువైనది: ఒకదాన్ని వాడుకుంటూ వచ్చినవాడికి, ఆ వాడకం వల్లనే కొన్ని హక్కులు ఏర్పడతాయి, అవి యజమాని దయ కావు.

ఈ సూత్రాన్ని ఆటలకు వర్తింపజేస్తే మనం ఏమి అడగాలో తేలుతుంది. మొదట, మాట నిజంగా ఉండాలి. అద్దెను ‘కొనుగోలు’ అని చెప్పి అమ్మటాన్ని అరికడుతూ కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి ఒక చట్టం అమలులోకి వచ్చింది. ఇస్తున్నది లైసెన్సు మాత్రమేనని కొనేవాడికి స్పష్టంగా చెప్పాలి. ఇది చిన్న మెట్టే. రెండవది, సేవ ఆగిపోయేటప్పుడు ఆడేవాళ్ళు దాన్ని తమ యంత్రాలమీద నడుపుకునే వీలు కల్పించి ఆపాలి. మూడవది, మన దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ప్రతులను జాతీయ గ్రంథాలయానికీ మరికొన్ని గ్రంథాలయాలకూ ప్రచురణకర్త పంపాలని 1954నాటి చట్టం నిర్దేశిస్తున్నది. పుస్తకానికి ఉన్న ఈ భద్రత ఆటకు ఎందుకు ఉండరాదు?

ఇక నాలుగవది మన చేతిలోనే ఉంది. క్లౌడ్ గేమింగు నడవాలంటే పెద్ద కంపెనీ ఉండి తీరాలన్నది నిజం కాదు. సన్‌షైన్, మూన్‌లైట్ అనే ఉచిత సాఫ్టువేర్లు ఉన్నాయి. వాటి మూలకోడు ఎవరైనా చూడవచ్చు, దిద్దవచ్చు. ఒక గదిలోని బలమైన కంప్యూటరుమీద నడుస్తున్న ఆటను మరో గదిలోని పాత కంప్యూటరు తెరకు పంపటం వాటితో సాధ్యం. కళాశాల ప్రయోగశాలలో ఒక మంచి యంత్రం పెట్టి, ప్రచురణకర్తల అనుమతి ఉన్న ఆటలను విద్యార్థులు వంతులవారీగా ఆడుకునే ఏర్పాటు చెయ్యవచ్చు. అది కూడా ఉమ్మడి యంత్రమే. దాని షరతులు మాత్రం విద్యార్థులూ అధ్యాపకులూ కూర్చుని నిర్ణయించుకుంటారు.

మా విద్యార్థికి నేను చెప్పిన జవాబు ఇదే. కలిసి వాడుకోవాలన్న నీ కోరిక సరైనదే, దాన్ని వదులుకోకు. చందా కట్టదలిస్తే కట్టు. ఆట బాగుంటే ఆడు. కాని చందాదారుల జాబితాలో పేరు ఉన్నంతమాత్రాన ఉమ్మడి ఆస్తిలో భాగస్వామినని అనుకోకు. ఆ భాగం ఇంకా సంపాదించుకోవలసే ఉంది.