పొరుగు ధర్మము

ఒక వీధిలో పది యిండ్లున్నంత మాత్రమున అది ఇరుగుపొరుగు కాజాలదు. గోడకు గోడ ఆనుకొని యుండుట స్థలమునకు సంబంధించిన విషయము; మనసునకు మనసు చేరువగుట ధర్మమునకు సంబంధించిన విషయము. భాష వేరు, ఆచారము వేరు, పుట్టిన సీమ వేరు అయిన కుటుంబములు ఒక్కచోట కాపుర ముండవలసి వచ్చినపుడు వారి నడుమ పాటింపదగిన ధర్మమేది? ఒకరి జోలికొకరు పోకుండుటయే చాలునా? లేక అంతకు మించిన కర్తవ్య మేదైనను గలదా?

ఉద్యోగములకై, వ్యాపారములకై జనులు ఊళ్లు మారుచున్న ఈ దినములలో ఈ ప్రశ్న ప్రతి పట్టణమునను ఎదురగుచున్నది. అయితే ఇది క్రొత్త ప్రశ్న కాదు. కావేరీ తీరమందలి తంజావూరు సీమ దీనిని కొన్ని శతాబ్దములుగా ఎదుర్కొనుచు, కొంత సాధించి, కొంత తడబడి, లోకమునకొక పాఠమును మిగిల్చినది.

తమిళుల సీమయైన తంజావూరును 16, 17 శతాబ్దములలో తెలుగు నాయక రాజులును, ఆ పిదప 1855 వరకు మహారాష్ట్ర భోసల వంశీయులును ఏలిరి. వారి వెంట తెలుగు కుటుంబములు, మరాఠీ కుటుంబములు వచ్చి స్థిరపడెను. సౌరాష్ట్ర భాష పలుకు పట్టు నేతగాండ్రును ఆ సీమలోనే నిలిచిరి. రాజ్యము కత్తితో రావచ్చును గాని కత్తి పొరుగును కల్పింపజాలదు. ఆ పనిని అచట చేసినది పాట, ఆట, కథ.

1684 నుండి 1712 వరకు ఏలిన శాహజీ మహారాజు మాతృభాష మరాఠీ. అయినను తమిళ సీమలోని తిరువారూరు త్యాగేశుని గూర్చి ఆయన పల్లకీ సేవా ప్రబంధమును రచించినది తెలుగున. పంచభాషా విలాసమను నాటకము కూడ ఆయన పేరనే యున్నది. అందు సంస్కృతము, తెలుగు, తమిళము, మరాఠీ, హిందీ అను ఐదు భాషలు వినవచ్చును. ఏ భాష పలుకు పాత్ర ఆ భాషలోనే మాటలాడును; తన మాటను విడిచి మరొకరి మాటను దాల్చుమని ఎవ్వరిని ఎవ్వరును నిర్బంధింపరు. ఒక్క రంగస్థలమున ఐదు పలుకులకును సమానమైన పీట వేయుటలో ఒక ధర్మ సూక్ష్మము దాగియున్నది. ఐకమత్యమనగా అందరును ఒక్కటే పలుకుట కాదు, అందరి పలుకునకును చోటుండుట.

ఆ సీమలోనే మేలట్టూరను గ్రామము గలదు. అచ్యుతప్ప నాయకుడు తెలుగు కుటుంబములకు భూములొసగి ఈ ప్రాంతమున నిలిపెనని ప్రసిద్ధి. ఆ గ్రామమున వేంకటరామశాస్త్రి రచించిన తెలుగు నాటకములను భాగవతమేళమను పేర నేటికిని ఆడుచున్నారు. ఏటేట నృసింహ జయంతి నాడు వరదరాజస్వామి సన్నిధి వీధిలో ప్రహ్లాద చరిత్రము ప్రదర్శింపబడును. స్త్రీ పాత్రలను పురుషులే ధరింతురు. నృసింహుని ముఖమును అర్చామూర్తివలె పూజించి, ఆ వేషము ధరించువాడు ఉపవాసముండి, రాత్రియంతయు ఆట సాగిన పిదప వేకువజామున స్తంభోద్భవ ఘట్టము నడచును. వేషధారులలో అనేకులు ఇతర స్థలములలో ఉద్యోగములు చేసికొనుచు, ఆ దినములకు స్వగ్రామము చేరువారు.

ఇందు గమనింపదగిన విషయము ప్రేక్షకులకు సంబంధించినది. ఎదుట కూర్చున్నవారిలో పెక్కుమంది మాతృభాష తమిళము. ప్రతి దరువును వారికి మాట మాటగా అర్థము కాదు. అయినను ప్రహ్లాదుని ఆర్తి తెలియును, లీలావతి మాతృహృదయము తెలియును, రాగము తెలియును. తన కళను తన భాషలోనే నిలుపుకొని నలుగురి యెదుట సమర్పించుట వలస వచ్చిన వాని ధర్మము. పూర్తిగా తెలియని పలుకును తెల్లవారు వరకు ఆదరముతో కూర్చుండి వినుట ఊరివాని ధర్మము. అట్లు వినుట కూడ ఒక దానమే. పొరుగువారితో కలసిన తమ ఆచారము నశించునని జంకువారికి మేలట్టూరే సమాధానము. అచటి తెలుగు నాటకము నిలిచినది తలుపులు మూసికొనుట వలన కాదు, వీధిలో ఆడుట వలన.

అయితే కళ ఒక్కటియే మనుజులను కలుపగలదా? కలుపజాలదని తిరువయ్యారు చరిత్రము చెప్పుచున్నది. త్యాగరాజస్వామి (1767–1847) తెలుగు కీర్తనలను భద్రపరచి వ్యాప్తి చేసినవారిలో వాలాజాపేట వేంకటరమణ భాగవతారు సౌరాష్ట్ర భాషా కుటుంబమునకు చెందినవారు; ఉమయాళ్‌పురము శిష్యులు తమిళులు. ఇంతటి సమ్మేళనమునకు ఫలమైన ఆ సంగీతమే 20వ శతాబ్ది తొలి దశాబ్దములలో కలహమునకు నెలవయ్యెను. స్వామి ఆరాధనను విద్వాంసులు రెండు పక్షములుగా చీలి వేరువేరుగా జరిపిరి. స్త్రీలకు అచట పాడుటకు అనుమతి లేకుండెను. బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952) తాను కూడబెట్టిన ధనము వెచ్చించి స్వామి సమాధి చోట మందిరము కట్టించి ప్రతిష్ఠ జరిపించినను, ఆమెకు కూడ అందరితో గొంతు కలుపు అధికారము దొరకలేదు. ఆమె స్త్రీలను కూర్చుకొని వేరుగా ఆరాధన నడపెను. కీర్తన ఒక్కటే, సమాధి ఒక్కటే, స్వామి ఒక్కరే. గుంపులు మాత్రము మూడు.

ఆ గుంపులను కలిపినది మరొక కీర్తన కాదు, సంప్రదింపులు. 1940 ప్రాంతమున పెద్దలు పూనుకొని అన్ని పక్షముల వారిని మాటలాడించిన పిదపనే ఉత్సవము ఏకమైనది. స్త్రీ పురుషులందరును ఒక్కచోట చేరి పుష్య బహుళ పంచమి నాడు పంచరత్న కీర్తనలను ఏకకంఠమున పాడు నేటి దృశ్యము ఆ సంభాషణల ఫలము. ఉత్సవము జనులను గుమికూర్చును; సంవాదము వారిని పొరుగువారిని చేయును. మొదటిది లేనిచో రెండవదానికి సందర్భము దొరకదు. రెండవది లేనిచో మొదటిది బలప్రదర్శనగా మారుటకు ఎక్కువ కాలము పట్టదు.

నేటి పట్టణ వీధులకు ఈ పాఠము ఎంతయో అవసరము. ఉత్సవము ఏ వీధిగుండ సాగవలెను, ధ్వనివర్ధకము ఎన్ని గంటలకు ఆగవలెను, ఎవరి పాట ముందు, ఎవరి ఆట వెనుక అను విషయములను కొందరే నిర్ణయించి, తక్కినవారికి ఆహ్వాన పత్రికలు పంపుట సామాన్యముగా జరుగుచున్నది. అన్నియు నిశ్చయమైన పిమ్మట వచ్చు పిలుపు పొరుగువానిని ప్రేక్షకుని చేయునే గాని భాగస్వామిని చేయదు. జోలికి పోకుండుటయే శాంతియని తలచువారును ఒకటి యోచింపవలెను. ఎన్నడును మాటలాడని వీధిలో ఒక వదంతి పుట్టినచో, దానిని నమ్మవద్దని చెప్పుటకు ఎవ్వరికిని పొరుగింటి తలుపు తట్టు చనువుండదు.

తలుపు తట్టు విద్యను గోదాదేవి తిరుప్పావైలో నేర్పినది. వ్రతమునకు బయలుదేరిన కన్నెలు తాము మాత్రము పోయి పుణ్యము మూటగట్టుకొనరు. ఆరవ పాశురము మొదలు పదునైదవ పాశురము వరకు పదిమంది గోపికలను వాకిలి వాకిలికి పోయి మేల్కొల్పుదురు. పదునైదవ పాశురమంతయు లోపలి కన్నెకును వెలుపలి కన్నెలకును నడచిన సంవాదమే. మాటకు మాట పెరుగుచుండగా లోపలి కన్నె తప్పు తనదే కానిమ్మని ఒప్పుకొనును. భాగవత లక్షణ మిదియేయని వ్యాఖ్యాతలు ఆ పలుకును ఎంతయో కొనియాడిరి. పొరుగువారి సంవాదమున గెలుపు ఫలము కాదు, కలసి నడచుట ఫలము.

ఆ తమిళ ప్రబంధమే ధనుర్మాసమున తిరుమలలో సుప్రభాతమునకు మారుగా వినిపించును; తెలుగు నాట ఎన్నియో యిండ్లలో పారాయణ చేయబడును. తమిళ సీమ తెలుగు కీర్తనను తన గొంతున నిలుపుకొన్నది. తెలుగు సీమ తమిళ పాశురమును తన వేకువలో నిలుపుకొన్నది. ఇరువురును ఒకరికొకరు ఋణపడినవారే. ఈ ఋణమును గుర్తించిన గృహస్థు రాబోవు పండుగకు పందిరి వేయక మునుపే, వేరు భాష పలుకు పొరుగింటికి పోయి, ఏమి చేయుదమని అడుగును. ఆ యింటివారు చెప్పినది విని, అవసరమైనచో తన యేర్పాటును మార్చుకొనును. పొరుగు ధర్మము అచటనే ఆరంభమగును.