పూలమామ్మ గీసిన గళ్ళు

విశాఖ వన్ టౌన్‌లో, కురుపాం మార్కెట్ వెనక సందులో ఒక బంగారం కొట్టు షావుకారు ఉండేవాడు. ఆయనకి లేకలేక ఒక కొడుకు పుట్టాడు. పడతాడేమోనని గుమ్మం దిగనివ్వలేదు; మెట్లొస్తే చంకనెత్తుకున్నారు. ఎనిమిదేళ్ళు నిండాక తండ్రికి బెంగ పట్టుకుంది. క్రికెట్ కిట్టు కొన్నాడు, సైకిలు కొన్నాడు, కోచ్‌ని పెట్టాడు. బ్యాటు అటకెక్కింది. సైకిలు మీద తువ్వాళ్ళు ఆరాయి. "ఆటలు నాకిష్టం లేదు" అన్నాడు పిల్లాడు. వాడి తత్వమే అంతన్నారు ఇరుగుపొరుగు.

ఎదురింటి మామ్మ బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి దగ్గర పూలమ్మేది. సందులో గుంటలు తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే వీడి కళ్ళు బిళ్ళ వెంటే తిరగడం ఆవిడ కనిపెట్టింది. మర్నాడు మిట్టమధ్యాహ్నం బొగ్గుతో గళ్ళు గీసింది.

"రా నాన్నా, ఎవరూ లేరు."

"ఒంటికాలి మీద నిలబడలేను మామ్మా. నవ్వుతారు."

"గోడ పట్టుకో."

కొన్నాళ్ళు గోడ, కొన్నాళ్ళు మామ్మ కొంగు. దసరా సెలవులకి వాడూ గుంటల్లో కలిసిపోయాడు. గెలిచిందేమీ లేదు, గీత తొక్కి అవుటయ్యేదే ఎక్కువ. అయినా తల్లి కేకేస్తేగానీ ఇంటికొచ్చేవాడు కాడు.

షావుకారు చీర పెట్టబోయాడు. "చీరెందుకు బాబూ, సందులో బళ్ళు పెట్టకుండా చూడండి చాలు" అంది మామ్మ.

నీతి: రాని ఆటనే పిల్లలు ఇష్టం లేదంటారు. ముందు ఒంటికి నేర్పాలి, ఇష్టం ఆ వెనకే వస్తుంది.

గెంతడం, విసరడం, పట్టుకోవడం వయసు పెరిగినంత మాత్రాన పూర్తిగా పట్టుబడవు. చూపించేవాళ్ళు కావాలి, పడి లేచే చోటు కావాలి. చిన్నప్పుడు ఇవి బాగా వచ్చినవాళ్ళే తర్వాతా చురుగ్గా ఉండే అవకాశం ఎక్కువంటారు పరిశోధకులు. 5 నుంచి 17 ఏళ్ళవాళ్ళు రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్ళు కదపాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. సరే, కానీ గెంతడమే రానివాడికి ఆ గంట శిక్ష కాదూ?

2023 ఆసియా అథ్లెటిక్స్‌లో 100 మీటర్ల హర్డిల్స్ స్వర్ణం గెలిచిన జ్యోతి యర్రాజీ మన విశాఖ పిల్లే. ఆమెలో పరుగును ముందు పసిగట్టింది బళ్ళో వ్యాయామ ఉపాధ్యాయుడు. అందరూ హర్డిల్స్ దాటక్కర్లేదు, యాభయ్యో ఏట రాస్ హిల్ ఆయాసపడకుండా ఎక్కితే చాలు. ఇంత తెలిసీ, పరీక్షలు దగ్గరపడగానే మన బళ్ళు లెక్కల సారుకి అప్పజెప్పేది మాత్రం గేమ్స్ పీరియడ్‌నే.