వాణిజ్యఫలమును కొలుచుట

పరదేశపు సరుకు దిగుమతి అయినందువలన ఒక దేశమునకు లాభము కలిగినదా, నష్టము కలిగినదా అన్న ప్రశ్నకు అంకెలు చాలునని తోచును. దిగిన సరుకును రేవులో తూచవచ్చును. దాని వెలను సుంకపు చిట్టాలో చూడవచ్చును. ఆ సరుకే రాకుండినచో ఏమి జరిగియుండునో అది మాత్రము ఏ చిట్టాకును ఎక్కదు. చిక్కంతయు ఇక్కడనే ఉన్నది.

లాంకషైరు మరనూలు భారతదేశమున ప్రవేశించిన ఉదంతమునే తీసికొందము. ఆ చౌక నూలు వలన చేతిమగ్గములకు బలము చేకూరినదనియు, బట్టల గిరాకీయు పెరిగియుండుననియు 1963లో మోరిస్ డేవిడ్ మోరిస్ వాదించినాడు. 1976లో అమియ కుమార్ బాగ్చీ, బుకానన్ 1809–13 మధ్య బీహారు జిల్లాలలో సేకరించిన వివరములను 1901 జనాభా లెక్కలతో పోల్చి, పరిశ్రమలపై ఆధారపడిన జనము నూటికి 18.6 నుండి 8.5కు దిగినట్లు చూపినాడు. బుకానన్ అంకెలపైననే మరికొందరికి నమ్మకము కుదరలేదు. ఇంటిపని ముగించుకొని తీరిక వేళ రాట్నము త్రిప్పు స్త్రీని ఒక మనిషిగా లెక్కింపవలెనా, అర మనిషిగానా? ఆ ఒక్క నిర్ణయముతో శతాబ్దపు చరిత్ర తారుమారగును.

అట్టి స్త్రీ మాట ఒకటి మిగిలియున్నది. 1828లో బంగాళమునందలి ‘సమాచార్ దర్పణ్’ పత్రికలో, శాంతిపురమునకు చెందిన ఒక విధవ పేర ఉత్తరము ప్రకటింపబడినది. నూలు వడకి కుటుంబమును పోషించి, కూతుండ్రకు పెండ్లిండ్లు చేసిన ఆమెకు ఇప్పుడు నూలు కొనువారు లేరు. సీమనూలు ఇంత చౌకగా వచ్చుచున్నదన్నచో, అచ్చట తనకంటె నిరుపేదలైన ఆడువారుందురు కాబోలునని ఆమె తలపోసినది. యంత్రము సంగతి ఆమె ఎరుగదు. ఎరిగినను ఆమె లోటు తీరెడిది కాదు.

ఆ చౌక నూలునే కొన్న సాలెవానికి అది వరమైయుండవచ్చును. ఈతని లాభమును ఆమె నష్టమును ఒక్క తక్కెడలో పెట్టుట ఎట్లు? లాభపడినవారు నష్టపడినవారికి పరిహారమిచ్చియు కొంత మిగుల్చుకొనగలిగినచో ఆ మార్పు మేలేనని 1939లో నికొలస్ కాల్డర్ సూచించినాడు. ఇచ్చి తీరవలెనని కాదు, ఇయ్యగలిగిన చాలును! గణితముగా ఇది నిర్దుష్టమే కావచ్చును. ఇయ్యని పరిహారమును జమ కట్టుట ఏ ధర్మమునకు సమ్మతమో చెప్పుట కష్టము.

దేశమున మొదటి జనాభా లెక్క 1872లో జరిగినది. అప్పటికి ఆ ఉత్తరము అచ్చుపడి నలువది నాలుగేండ్లు. 1881 తరువాతి లెక్కలలో వృత్తుల మార్పు స్వల్పముగా కనిపించినదని డేనియల్ థోర్నర్ చూపినాడు. రాట్నములు మూలబడినది అంతకు ఎంతో ముందు.